ఈ దసరాకు పిల్లల చేతికి పనివ్వండి

తెలంగాణ బడులకు దసరా సెలవులంటే దాదాపు రెండు వారాలు. పొద్దున కళ్లు తెరిచింది మొదలు ఫోనడిగే పిల్లలతో ఆ రెండు వారాలు నెట్టుకురావడం ఏ ఇంట్లోనైనా కష్టమే. "ఎప్పుడూ ఆ ఫోనేనా, ఏదన్నా పని చేసుకోరాదా?" అని కసురుతాం. ఏ పని చేసుకోవాలో మాత్రం చెప్పం. పదేళ్ల పిల్లకు తనంతట తాను పని వెతుక్కోవడం తెలియదు. మనం చూపిస్తే వదలదు.

కొందరు తల్లిదండ్రులు ఉత్సాహంగా ఇంటర్నెట్‌లో శరదృతువు చేతిపనులు వెతుకుతారు. అక్కడ కనిపించేవి ఎర్రబడిన మేపుల్ ఆకులు, ఓక్ కాయలు, గుమ్మడికాయల్లో చెక్కిన ముఖాలు. చలిదేశాల్లో చెట్లు ఆకు రాల్చే కాలం అది. ఆశ్వయుజంలో మీరు పాల్వంచ దాటి కిన్నెరసాని వైపో, ములకలపల్లి వైపో వెళ్లి చూడండి. వానలన్నీ తాగిన టేకు, ఇప్ప, మద్ది పచ్చగా నిలబడి ఉంటాయి. మన అడవిలో ఆకు రాలేది శిశిరంలో. మోదుగ ఒంటి మీద ఆకు లేకుండా ఎర్రగా పూసేది మాఘ ఫాల్గుణాల్లో. అందుకే ఆ వీడియోలు చూసి రంగు కాగితాలతో మేపుల్ ఆకులు కత్తిరించి గోడకు అతికిస్తే, పిల్లలకు తమ కిటికీ బయట ఏముందో తెలియకుండా పోతుంది.

మన శరత్తు ఇచ్చే సరుకు వేరే ఉంది. గట్ల మీద గునుగు, రాళ్ల నేలల్లో తంగేడు, పెరట్లో బంతి, చెరువు మన్ను, చేలో విచ్చిన పత్తి, మొక్కజొన్న పొత్తుల పొరలు, వెడల్పాటి మోదుగాకు, మేదరి వాళ్లు చీల్చిన వెదురు బద్దలు. ఒక్కటీ షాపులో కొననక్కర్లేదు, కొన్నా ఖర్చు తక్కువ.

అయితే, నేను చెప్పదలచుకున్నది సరుకు గురించి కాదు. పిల్లలు మొదలుపెట్టిన వస్తువును వాళ్ల చేతులతోనే పూర్తి చెయ్యనివ్వండి. మనవాళ్లలో చాలామంది ఇక్కడే తప్పుతారు. పిల్ల దారం కడుతుంటే ముడి వదులుగా ఉందని లాక్కుని మనం బిగిస్తాం. ప్రమిద అంచు వంకరగా వచ్చిందని మన బొటనవేలితో సరిచేస్తాం. వస్తువు బాగుపడుతుంది, ఆ పిల్లకు మాత్రం "నా చేతికి పని రాదు" అనే పాఠం అందుతుంది. ఆ పాఠం చాలా ఏళ్లు వెంటాడుతుంది. ఇంటర్వ్యూ గదిలో, ఆఫీసులో, కొత్త ఊళ్లో ఏ పని ఎదురైనా ఎవరైనా వచ్చి సరిచేస్తారేమోనని చూసే పెద్దవాళ్లు ఇలాంటి ఇళ్లలోనే తయారవుతారు.

ఈ సెలవుల్లో మొదటి పాఠం బతుకమ్మే. మహాలయ అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మతో ముగిసే ఈ తొమ్మిది రోజుల పండుగను 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగగా ప్రకటించారు. పాట, ఆట, చీరలు అందరికీ కనిపిస్తాయి. బతుకమ్మ పేర్చడంలో ఉన్న కట్టడపు తెలివిని పిల్లలకు విడమరిచి చూపించేవాళ్లు తక్కువ. ఒక్కసారి పిల్లల పక్కన కూర్చుని చూపించండి. తాంబాలంలో గుమ్మడాకులో ఆముదపాకులో పరచాలి. గునుగు పూలను కట్టలుగా కట్టి, కాడలు సమంగా కోసి, కొన్ని కట్టలను రంగునీళ్లలో ముంచి ఆరబెట్టాలి. అంచు వెంబడి ఒక వరుస గుండ్రంగా పేర్చాలి. మధ్యలో మిగిలిన ఖాళీని తరిగిన ఆకులతో, కాడలతో గట్టిగా నింపాలి. దాని మీద కాస్త లోపలికి జరిపి ఇంకో వరుస తంగేడు, ఇంకో వరుస బంతి. పైకి పోయేకొద్దీ చుట్టు తగ్గాలి. కొసన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ.

ఈ పనిలో కష్టమంతా కనిపించని చోటే ఉంది. మధ్యలో నింపిన ఆకు వదులుగా ఉంటే నాలుగో వరుసకు బతుకమ్మ ఒరుగుతుంది. బయటి పూలు ఎంత అందంగా ఉన్నా అప్పుడు నిలబెట్టలేవు. పిల్లలకు దీన్ని మాటల్లో చెప్పకండి. చిన్న పళ్లెం ఒకటి విడిగా ఇచ్చి, "నీ బతుకమ్మ నువ్వే పేర్చు" అనండి. ఒరిగితే ఒరగనివ్వండి. అమ్మమ్మో నాయనమ్మో పక్కనుంటే "కింద పెద్దది పెట్టు బిడ్డా, లోపల బాగా కూరు" అని ఒక్క మాట అంటుంది, అది చాలు. మర్నాడు మళ్లీ పేర్చేటప్పుడు పిల్ల మొదట లోపలే కూరుతుంది. తొమ్మిది రోజుల్లో ఎనిమిదిసార్లు చేసే అవకాశమున్న పని ఇది. ఒక తప్పును ఇన్నిసార్లు సరిదిద్దుకునే వీలు బడిలో ఏ పరీక్షా ఇవ్వదు. మధ్యలో అలిగిన బతుకమ్మ రోజున పూలు పేర్చరు. ఆ రోజు కూర్చుని, మిగిలిన రోజులకు ఏ పువ్వు ఎక్కడ దొరుకుతుందో పిల్లలతో లెక్క వేయించండి.

మగపిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పూలు కోసుకు రావడం వాళ్ల పని, పేర్చడం ఆడపిల్లల పని అని చాలా ఇళ్లలో విడగొడతారు. అలా విడగొట్టకండి. పూలు కోయడానికి తోబుట్టువులిద్దరూ పోవాలి, పేర్చడానికి ఇద్దరూ కూర్చోవాలి. చెల్లెలు చేసే పనిలో ఎంత నేర్పు ఉందో కూర్చుని చేసిన పిల్లవాడికే అర్థమవుతుంది. పెద్దయ్యాక ఇంట్లో ఆడవాళ్ల పనిని తేలిగ్గా మాట్లాడకుండా ఉండటానికి ఇంతకంటే మంచి శిక్షణ నాకు తెలియదు.

ఇంకో మాట. బతుకమ్మను చివరికి నీళ్లలో వదులుతాం. రోజంతా కష్టపడి చేసిన వస్తువును తన చేతులతోనే చెరువులో వదలడం ఐదేళ్ల పిల్లకు సులువు కాదు. కొందరు ఏడుస్తారు. ఏడవనివ్వండి, రేపు మళ్లీ చేసుకుందాం అని చెప్పండి. చేసిన ప్రతిదాన్నీ దాచుకోవాలి, ఫోటో తీసి పది మందికి చూపాలి అనే ఈ రోజుల్లో, చేసి వదిలెయ్యడం కూడా నేర్పే పండుగ మనకు ఉంది.

బతుకమ్మకు ముందు భాద్రపద బహుళంలో తెలంగాణ పల్లెల్లో బొడ్డెమ్మ ఆడతారు. ఇది పిల్లల పండుగే. పుట్టమన్నో చెరువు మన్నో తెచ్చి, పీట మీద మెట్లు మెట్లుగా గద్దె కట్టి, పూలతో అలంకరించి, ఆడపిల్లలు చుట్టూ తిరిగి పాడతారు. పట్నాల్లో బొడ్డెమ్మ తగ్గిపోయింది. ఖమ్మంలో అపార్ట్‌మెంటులో ఉన్నా ఒక బక్కెట్ మన్ను తెచ్చుకోవచ్చు. రాళ్లు, వేళ్లు ఏరి, నీళ్లు చల్లి రాత్రంతా నాననిచ్చి, పొద్దున కాళ్లతో తొక్కితే మన్ను వేళ్లకు అంటకుండా మెత్తగా తయారవుతుంది. మిగిలిన మన్నుతో దీపావళి ప్రమిదలు చేయించండి. నిమ్మకాయంత ఉండ తీసుకుని, మధ్యలో బొటనవేలితో నొక్కి, చుట్టూ తిప్పుతూ అంచు లేపితే ప్రమిద. నీడలోనే ఆరాలి, ఎండలో పెడితే పగుళ్లిస్తుంది. కాల్చని ప్రమిద నూనె పీల్చుకుంటుంది, అయినా ఒక సాయంత్రం వెలిగించుకోవడానికి చాలు.

రంగుల పని పిల్లలకు మహా ఇష్టం. టేకు లేతాకు ఒకటి తెంపి అరచేతుల మధ్య నలపమనండి. చేతులు ఎర్రబడతాయి. అడవి అంచు ఊళ్లలో పెరిగినవాళ్లందరికీ తెలిసిన ఆట ఇది. పట్నం పిల్లలు మాత్రం నోరు తెరుచుకుని చూస్తారు. ఆ రసాన్ని తెల్ల కాగితం మీద రుద్ది బొమ్మ వేయించండి. ఇంకో రంగు వంటింట్లోనే ఉంది. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం కలిపితే పారాణి. పసుప్పచ్చనిది కళ్ల ముందే ఎర్రబడుతుంది. సున్నం కలిపే పని మీరే చెయ్యండి, కళ్లలో పడితే ప్రమాదం. పారాణిని మోదుగాకు వెనక వైపు పూసి కాగితం మీద ఒత్తితే ఈనెలన్నీ అచ్చుపడతాయి. సారపాకలో కాగితం మిల్లు ఉన్న ప్రాంతం మనది. కాగితం దేనితో తయారవుతుందో చెప్పడానికీ అదే సమయం.

మోదుగాకుతో ఇంకా మంచి పని విస్తరి కుట్టడం. మోదుగకు ఒక కాడకు మూడు ఆకులు వస్తాయి. ఈ కాలానికి అవి ముదిరి, వెడల్పై, కుట్టుకు నిలుస్తాయి. కొంచెం వాడనిస్తే విరగవు. చీపురు పుల్లలను చిన్న ముక్కలుగా విరుచుకుని, ఒక ఆకు మీద ఇంకో ఆకు అంచు వేసి, పుల్లను కిందికి గుచ్చి పైకి తీయాలి. ఆరేడేళ్ల పిల్లలు మొదట దొప్ప కుట్టగలరు, పదేళ్లవాళ్లు విస్తరి కుడతారు. ప్లాస్టిక్ పూత పూసిన పళ్లాలు రాకముందు ఈ చుట్టుపక్కల పెళ్లి భోజనాలన్నీ ఆకుల మీదే జరిగేవి. మధ్యాహ్నం పిల్ల కుట్టిన విస్తరిలోనే అన్నం వడ్డించండి. చారు పోస్తే కారుతుందా? కారనివ్వండి. తన కుట్టు ఎక్కడ వదులైందో చారే చూపిస్తుంది, మీరు వేలెత్తి చూపక్కర్లేదు.

దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాలకు మీరు వెళ్లే ఉంటారు. భద్రాచలం నుంచి సుమారు 35 కిలోమీటర్లు. సీతారామలక్ష్మణులు ఆకుల కుటీరం కట్టుకుని ఉన్న చోటుగా ఆ ఊరిని భక్తులు కొలుస్తారు. వెళ్లి వచ్చాక చిన్నపిల్లల చేత పుల్లలు, గడ్డి, ఆకులతో జానెడు పర్ణశాల కట్టించండి. నాలుగు పుల్లలు నేలలో పాతి పైన కప్పు నిలబెట్టాలంటే ఎంత ఓపిక కావాలో అప్పుడు తెలుస్తుంది. లక్ష్మణుడు ఎంత పని చేశాడో కూడా.

వీటన్నిటిలో నాకు బాగా ఇష్టమైనది వత్తుల పని. ఖమ్మం జిల్లా చేలల్లో ఆశ్వయుజం నాటికి పత్తి మొదటి తీత మొదలవుతుంది. తెలిసిన రైతు దగ్గర గుప్పెడు పత్తి అడగండి, ఎవరూ లేదనరు. గింజ తీసి, వేళ్లతో దూది విప్పి, వేలికి కొంచెం విభూతి రాసుకుని, అరచేతిలో సన్నగా నులిమితే వత్తి. కార్తీక పౌర్ణమి నాడు ఏడాదిలోని రోజులకు లెక్కగా 365 వత్తులు వెలిగిస్తారు కదా. ఆ కట్ట ఇప్పుడు బజార్లో రెడీమేడ్‌గా దొరుకుతోంది. ఈసారి కొనకండి. ఇంట్లో తొమ్మిదేళ్లు దాటిన పిల్లలుంటే, "ఈ ఏడాది మన ఇంటి 365 వత్తులూ నువ్వే చెయ్యాలి" అని అప్పజెప్పండి.

మొదట బెదురుతారు. 365 అనేది పిల్లలకు కొండంత సంఖ్య. అక్కడే కాగితం తీసుకుని లెక్క వేయించండి. విజయదశమి నుంచి కార్తీక పౌర్ణమి దాకా తిథుల లెక్కన 35 రోజులు. రోజుకు 11 వత్తులు చేస్తే 385. అంటే 20 పాడైనా సరిపోతాయి. ఒకరోజు జ్వరం వచ్చి పడుకున్నా నష్టం లేదు. పెద్ద పనిని రోజువారీ ముక్కలుగా కోయడం, ఆటంకాలకు ముందే చోటు ఉంచడం, ప్రతి సాయంత్రం లెక్క రాసుకోవడం మేనేజ్‌మెంట్ కోర్సుల్లో పెద్దవాళ్లకు నేర్పే సంగతులు. పత్తి గుప్పెడు ఉంటే నాలుగో తరగతి పిల్లకు అబ్బుతాయి. పౌర్ణమి సాయంత్రం ఇంటిల్లిపాదీ నిలబడి ఆ కట్ట వెలిగిస్తుంటే ఆ పిల్ల ముఖం చూడండి. రేపు పదో తరగతి సిలబస్ చూసి భయపడినప్పుడు మీరు గుర్తు చేయాల్సింది ఆ సాయంత్రాన్నే.

ఓపికను కొలిచే పని ఇంకోటి ఉంది. విజయదశమి నాడు ముదురు రావి ఆకులు నాలుగైదు కోసి గిన్నెడు నీళ్లలో నానేయించండి. రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి. గిన్నెకు మూత తప్పకుండా పెట్టాలి, ఇది దోమల కాలం, జ్వరాల కాలం. దశమి నుంచి దీపావళి అమావాస్యకు 20 రోజులు. ఆ లోపు ఆకు మీది పచ్చని పదార్థం కుళ్లి మెత్తబడుతుంది. వాసన వస్తుంది, పిల్లలు ముక్కు మూసుకుంటారు, ఫర్వాలేదు. ధారగా నీళ్లు పోస్తూ మెత్తటి బ్రష్‌తో మెల్లగా రుద్దితే సన్నని ఈనెల వల మాత్రం మిగులుతుంది. పుస్తకంలో పెట్టి ఆరబెట్టి, దాని మీద దీపం బొమ్మ వేయిస్తే దీపావళికి బంధువులకు ఇచ్చే శుభాకాంక్షల కార్డు తయారు. తొందరపడి పదో రోజున రుద్దిన ఆకు చిరుగుతుంది. అందుకే నాలుగైదు ఆకులు వెయ్యమన్నాను.

మొక్కజొన్న పొత్తులు ఒలిచే ఇళ్లలో పొరలను పారెయ్యకండి. ఎండిన పొరలను కాసేపు నీళ్లలో వేస్తే వంగుతాయి. ఏడెనిమిది పొరలు కలిపి ఒక కొస దారంతో గట్టిగా కట్టి, పొరలన్నీ తిరగేసి కిందికి దింపి, తల దగ్గర ఇంకో ముడి వేస్తే బొమ్మకు తల వచ్చేసినట్టే. చేతులకు ఒక పొర మెలిపెట్టి మధ్యలో దూర్చాలి. అమెరికా ఖండపు ఆదివాసులూ ఎన్నో తరాలుగా ఇలాంటి బొమ్మలు చేస్తున్నారు. దంటు లోపలి బెండుతో ఎడ్లబండి చేయడం మన తాతలకు వచ్చు. ఊళ్లో తాతయ్య ఉంటే ఆయన చేత చేయించుకోండి. చేసేటప్పుడు పిల్లలు పక్కనే కూర్చోవాలి.

చేతిపని చదువుకు అడ్డమని భయపడేవాళ్లకు చెప్పవలసినవి ఉన్నాయి. ఫిన్లాండ్ 1866లోనే ఊనో సిగ్నేయస్ అనే విద్యావేత్త చొరవతో ప్రాథమిక బడుల్లో చేతిపనిని తప్పనిసరి పాఠం చేసింది. మన దగ్గర 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సదస్సులో గాంధీజీ, చేతివృత్తి చుట్టూ చదువు అల్లాలని ప్రతిపాదించారు. అదే నయీ తాలీమ్. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా 1978లో హోషంగాబాద్ సైన్స్ బోధన కార్యక్రమానికి వెళ్లి, పల్లె సంతలో దొరికే సైకిలు వాల్వు ట్యూబు, అగ్గిపుల్లలతో పిల్లలకు రేఖాగణితం నేర్పే నమూనాలు తయారుచేశారు. ఆ పనికే జీవితం ఇచ్చేసిన ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. చేత్తో త్రిభుజం కట్టి నొక్కి చూసిన పిల్లకు అది ఎందుకు వంగదో పుస్తకం చెప్పకముందే తెలుస్తుంది.

బహుమతుల విషయంలో జాగ్రత్త. "ఇది చేస్తే చాక్లెట్ కొనిపెడతా" అనే మాట మన నోట చాలా తేలిగ్గా వస్తుంది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు నర్సరీ బడిలో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ చేసిన పరిశోధన 1973లో వచ్చింది. బొమ్మలు గీయడం ఇష్టమున్న పిల్లల్లో కొందరికి, గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు, ఇచ్చారు. ఒకటి రెండు వారాల తర్వాత ఏ బహుమతీ లేకుండా రంగు పెన్నులు ముందుపెడితే, ఆ పిల్లలు మిగతావాళ్లకంటే దాదాపు సగం సమయమే బొమ్మలకు కేటాయించారు. బహుమతి ఊసే లేని పిల్లల ఆసక్తి తగ్గలేదు. ఇష్టంగా చేసే పనికి ముందే ధర కడితే ఇష్టం పలుచబడుతుంది. చాక్లెట్ కొనాలనిపిస్తే వేరే రోజు కొనండి. చేసిన వస్తువు చూపించినప్పుడు "సూపర్" అని ఫోన్లోంచి తలెత్తకుండా అనకండి. "ఈ మూల ఎట్లా నిలబెట్టావు?" అని అడగండి. చెప్పడానికి వాళ్ల దగ్గర చాలా ఉంటుంది.

అమ్మానాన్నలకు తీరిక ఎక్కడిది అంటారు. నిజమే. కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు గనుల్లో షిఫ్టులు, పాల్వంచ విద్యుత్ కేంద్రంలో షిఫ్టులు, పొలం పనుల ఒత్తిడి. రోజంతా కూర్చోమని ఎవరూ అనడం లేదు. అరగంట చాలు, అది రోజూ ఒకే వేళకు ఉండాలి. ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చిన నాన్న టీ తాగుతూ పక్కన కూర్చుంటే అదే పెద్ద భరోసా. ఆ అరగంటలో మీ చేతులు మీ ఒళ్లోనే ఉండాలి. అడిగితేనే చూపించండి, చూపించేటప్పుడు మీ ముక్క వేరే పెట్టుకోండి, వాళ్లది తీసుకోకండి. విరిగిపోయి విసిరికొడితే వెంటనే సర్దిచెప్పకండి. ఒక రాత్రి అలా ఉంచితే చాలామంది పొద్దున తామే మళ్లీ తీస్తారు.

అడవి అంచున ఉన్నాం గనుక కొన్ని హెచ్చరికలు గట్టిగా చెప్పాలి. ఎర్రగా నల్లగా మెరిసే గురివింద గింజలు పిల్లల కంటికి ముత్యాల్లా కనిపిస్తాయి. దండలు గుచ్చాలంటే సూదితో పొడవాలి. పొడిచిన గింజ, కొరికిన గింజ ప్రాణాంతక విషం. ముష్టి గింజలు, పచ్చగన్నేరు కాయలు, ఉమ్మెత్త కూడా అంతే. ఇవి పిల్లల బుట్టలోకి రాకూడదు. గోధుమరంగు నూగున్న దూలగొండి కాయ ముట్టుకుంటే ఒళ్లంతా దురద. వానల తర్వాత గడ్డిలో, ఆకుల కుప్పల్లో పాములు, తేళ్లు ఉంటాయి. చెప్పుల్లేకుండా వెళ్లొద్దు, కర్రతో కదిపాకే చెయ్యి పెట్టాలి. కిన్నెరసాని అభయారణ్యంలో పువ్వు, ఆకు ఏదీ తెంపకూడదు. మనకు కావలసినదంతా పెరట్లో, పొలం గట్టు మీద, రోడ్డు పక్కన దొరుకుతుంది.

తెంపేటప్పుడు హద్దు నేర్పడం కూడా వ్యక్తిత్వంలో భాగమే. కోయ గూడేల్లో కొత్త పంటను ముందు వేల్పుకు పెట్టి, కొత్తల పండుగ చేసుకున్నాకే ఇంట్లో తినడం ఆచారం. ముందు అడగాలి, తర్వాత తీసుకోవాలి అనే ఆ మర్యాద మన పిల్లలకూ రావాలి. తంగేడు కొమ్మ విరవకుండా పువ్వు కోయడం, ఒకే చెట్టును బోసిగా చేయకపోవడం, ఎవరి గట్టు మీద కోస్తే వాళ్లను అడగడం చిన్న విషయాలు కావు.

భద్రాచలం ఐటీడీఏ ప్రాంగణంలో గిరిజన మ్యూజియం ఉంది. సెలవుల్లో రామయ్య దర్శనానికి వెళితే అక్కడికీ పిల్లలను తీసుకెళ్లండి. అడవి ఇచ్చినదానితోనే ఇంటికి కావలసిన వస్తువులు ఎలా చేసుకున్నారో చూపించండి. దసరాకు ఆశ్రమ పాఠశాలల నుంచి గూడేలకు ఇళ్లకు వచ్చే పిల్లల్లో చాలామందికి వెదురు గుణం తెలుసు, ఆకు పేరు తెలుసు, ఏ తీగ గట్టిదో తెలుసు. మీ పిల్లకు అలాంటి స్నేహితురాలు ఉంటే ఆమెను ఇంటికి పిలవండి, నేర్పే పీట ఆమెకు వెయ్యండి. ఇంగ్లీషులో ముందున్న పిల్ల, చేతిపనిలో ముందున్న పిల్ల దగ్గర కూర్చుని నేర్చుకుంటే ఇద్దరికీ మేలు. అలాగే మేదరి వాళ్ల దగ్గర బుట్ట కొనేటప్పుడు పిల్లల ముందు బేరమాడకండి. అడిగిన ధర ఇచ్చి, "మా పిల్లవాడు కాసేపు చూడొచ్చా అన్నా?" అని అడగండి. కార్తీకంలో ఆకాశదీపానికి వెదురు చట్రం కట్టాలనుకుంటే ఆ కాసేపట్లో చూసిందే సాయపడుతుంది.

ఉపాధ్యాయులకు ఒక మనవి. దసరా సెలవులకు ఇచ్చే కాపీ రాత హోంవర్క్ సగానికి తగ్గించండి. ఆ చోట ఒక్కటి రాయండి: ఇంట్లో నీ చేతులతో చేసిన వస్తువు ఒకటి తీసుకురా, ఎలా చేశావో తరగతిలో నిలబడి చెప్పు. బడి తెరిచిన మొదటి రోజు ఒక పీరియడ్ దానికే ఇవ్వండి. వంకర ప్రమిదకు, ఒరిగిన బొమ్మకు మార్కులు వెయ్యకండి, పెద్దలు చేసిచ్చిన నున్నని వస్తువును మెచ్చుకోకండి. తల్లిదండ్రులారా, మీరు చేయవలసిన పని ఇంకా చిన్నది. గునుగు మహాలయ అమావాస్యకు ముందే గట్ల మీద విరివిగా ఉంటుంది. ఈ ఆదివారమే పిల్లలతో వెళ్లి కోసుకు రండి.